రియాక్టర్ కోడ్‌లు, సెన్సిటివిటీ లెక్కలు: మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం గురించే. రియాక్టర్ లెక్కలు చేసే కోడ్‌లో ఏ ఇన్‌పుట్ ఫలితాన్ని ఎంత కదిలిస్తుందో కంప్యూటరే తేల్చి చెప్పేలా చేయడం ఎలా అన్నది. కింది జవాబుల్లో సెన్సిటివిటీ అన్నచోటల్లా అర్థం ఒకటే: ఇన్‌పుట్ 1 శాతం పెరిగితే ఫలితం ఎన్ని శాతాలు మారుతుందో చెప్పే సంఖ్య. ఇన్‌పుట్ పెరిగినప్పుడు ఫలితం తగ్గితే దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది.

ప్రశ్న: మా బర్నప్ కోడ్‌లో (రియాక్టర్ నడిచేకొద్దీ ఇంధనం కూర్పు ఎలా మారుతుందో లెక్కించేది) 40 ఇన్‌పుట్‌లున్నాయి. ఒక్కోదాన్ని కాస్త పెంచి, మళ్లీ రన్ చేసి, తేడా చూస్తున్నాం. 10 శాతం పెంచితే ఒక జవాబు, 0.1 శాతం పెంచితే ఇంకో జవాబు వస్తోంది. ఏది నమ్మాలి?

రెండూ తప్పే కావచ్చు. కానీ తప్పు వచ్చే దారులు వేరు.

ఇన్‌పుట్‌ను ఒకసారికి ఎంత మారుస్తామో దాన్ని అడుగు అందాం. పెద్ద అడుగు సంగతి ముందు చూద్దాం. సీసియం-137 అర్ధజీవితకాలం సుమారు 30 ఏళ్లు. 300 ఏళ్ల తర్వాత ఎంత మిగులుతుందన్నది మీ ఫలితం అనుకోండి. క్షయ స్థిరాంకం (ఎంత వేగంగా క్షయమవుతుందో చెప్పే సంఖ్య) పట్ల దాని సెన్సిటివిటీని కాగితం మీదే రాయొచ్చు: స్థిరాంకాన్ని కాలంతో గుణించి ముందు మైనస్ పెట్టడమే. పది అర్ధజీవితకాలాలు కాబట్టి −6.93. ఇప్పుడు స్థిరాంకాన్ని 10 శాతం పెంచండి. పది అర్ధజీవితకాలాలు పదకొండవుతాయి, మిగిలేది సరిగ్గా సగమవుతుంది. అంటే 10 శాతానికి 50 శాతం తగ్గుదల, మీ లెక్కలో సెన్సిటివిటీ −5. అదే 1 శాతం పెంచితే −6.70 వస్తుంది. వక్రరేఖను సరళరేఖ అనుకున్నందుకు పడే మూల్యం ఇది. అడుగు చిన్నదయ్యేకొద్దీ తగ్గుతుంది.

మరి అడుగు మరీ చిన్నదైతే? కోడ్ ఫలితాన్ని 1.0023 అని ఐదంకెలతో ప్రింట్ చేస్తోందనుకుందాం. అసలు సెన్సిటివిటీ 0.05. ఇన్‌పుట్‌ను 0.1 శాతం పెంచితే ఫలితం 0.005 శాతం మారాలి, అంటే ప్రింటయ్యే చివరి అంకెలో సగం. అది అటు దొర్లితే మీకు సెన్సిటివిటీ 0.1 అని వస్తుంది, ఇటు దొర్లితే 0 అని వస్తుంది. అసలు విలువ 0.05 మాత్రం ఎప్పటికీ కనపడదు. చాలామంది కోడ్‌ను అనుమానిస్తారు కానీ ప్రింట్ ఫార్మాట్‌ను అనుమానించరు. ముందు చూడాల్సింది అదే.

దాని వెనకే ఇటరేషన్ల (జవాబు కుదుటపడేదాకా అదే లెక్కను మళ్లీ మళ్లీ చేయడం) రొద ఉంటుంది. ఫ్లక్స్ (న్యూట్రాన్ల ప్రవాహ తీవ్రత) లెక్కను, వరుస జవాబుల తేడా 10⁻⁶ దగ్గర ఆపేస్తే ఫలితంలో ఆరో అంకె తర్వాతవి నమ్మదగ్గవి కావు. డబుల్ ప్రెసిషన్‌లో సవ్యంగా నడిచే సూత్రానికి మంచి అడుగు 10⁻⁸ దగ్గర ఉంటుంది. 10⁻⁶ దగ్గర ఆపిన కోడ్‌కు అది 10⁻³ దాకా పెరుగుతుంది. అప్పుడు సెన్సిటివిటీలో 0.002 వరకు పొరపాటు సహజం. సెన్సిటివిటీ 1 ఉన్నచోట అది లెక్కలోకి రాదు, 0.002 ఉన్నచోట మాత్రం జవాబంతా పొరపాటే.

ఈరోజే చేయదగ్గ పని: ఫలితాన్ని 16 అంకెలతో ప్రింట్ చేయండి. ఇటరేషన్ హద్దును 10⁻¹⁰కి బిగించండి. ఇన్‌పుట్‌ను పెంచీ, తగ్గించీ రెండు వైపుల తేడా తీసుకోండి. మూడు వేర్వేరు అడుగులతో చేసి, మూడూ కలిస్తేనే నమ్మండి. 40 ఇన్‌పుట్‌లకు ఒక్కో అడుగుకు 80 రన్‌లు, మూడడుగులకు 240. ఈ సంఖ్య చూశాక ఆటోమేషన్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: కోడ్ తనంతట తానే అవకలజాలు (డెరివేటివ్‌లు) లెక్కిస్తుందంటారు. సూత్రాన్ని బీజగణితంలా విప్పుతుందా? లోపల జరిగేదేమిటి?

సూత్రాన్ని విప్పదు. ప్రోగ్రామ్ ఎంత పెద్దదైనా చివరికి కూడికలు, గుణకారాలు, భాగహారాలు, కొన్ని ప్రమేయాల వరుసే కదా. ఒక్కోదానికీ అవకలజం మనకు తెలుసు. వాటిని చైన్ రూల్‌తో లైను లైనుకూ కలుపుకుంటూ పోవడమే. 1964లో వెంగర్ట్ ఈ ఆలోచనను స్పష్టంగా రాశారు. అణు కోడ్‌లలోకి దాన్ని గట్టిగా తెచ్చినది 1980లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల. అక్కడ తయారైన గ్రెస్ అనే ప్రీకంపైలర్ ఫోర్ట్రాన్ సోర్స్‌ను చదివి, విలువలతో పాటు అవకలజాలను కూడా మోసే కొత్త సోర్స్‌ను రాసి ఇచ్చేది. అప్పటికే ఏళ్ల తరబడి వాడుతున్న కోడ్‌ను తిరగరాయకుండా సెన్సిటివిటీ రాబట్టడం దాని లక్ష్యం.

చిన్న లెక్కలో చూద్దాం. ఒకే శక్తి గ్రూపు (న్యూట్రాన్లన్నింటినీ ఒకే శక్తి ఉన్నవిగా లెక్కించడం), రిఫ్లెక్టర్ (బయటికి పోయే న్యూట్రాన్లను తిప్పి పంపే పొర) లేని రియాక్టర్. న్యూట్రాన్ల ఉత్పత్తి 0.025, శోషణ 0.020 (రెండూ సెంటీమీటరుకు), వ్యాపన గుణకం (న్యూట్రాన్లు ఎంత సులువుగా విస్తరిస్తాయో చెప్పేది) 1.0 సెం.మీ., బక్లింగ్ (రియాక్టర్ ఆకారం, పరిమాణాన్ని బట్టి లీకేజిని నిర్ణయించే సంఖ్య) 0.005. కోడ్‌లో మూడే లైన్లు (కె అంటే ఒక తరం న్యూట్రాన్లకూ అంతకు ముందు తరానికీ ఉన్న నిష్పత్తి):

లీకేజి = వ్యాపనం × బక్లింగ్ = 0.005
నష్టం = శోషణ + లీకేజి = 0.025
కె = ఉత్పత్తి ÷ నష్టం = 1.000

ముందుకు వెళ్లే పద్ధతిలో శోషణ పక్కన 1 అని రాసి మొదలుపెడతాం. మొదటి లైన్లో శోషణ లేదు, అవకలజం 0. రెండో లైన్లో 1. మూడో లైన్లో −0.025ను 0.025 వర్గంతో భాగిస్తే −40. దాన్ని శోషణ విలువ 0.020తో గుణించి కెతో భాగిస్తే సెన్సిటివిటీ −0.8. చేత్తో సరిచూడండి: శోషణను 1 శాతం పెంచి 0.0202 చేస్తే కె 0.99206 అవుతుంది, అంటే 0.794 శాతం తగ్గుదల. తేడా వక్రతది, సరిపోయింది.

వెనక్కి వచ్చే పద్ధతిలో కె పక్కన 1 రాసి కింది నుంచి పైకి వస్తాం. మూడో లైను ఉత్పత్తికి 40, నష్టానికి −40 ఇస్తుంది. రెండో లైను ఆ −40ని శోషణకూ లీకేజికీ పంచుతుంది. మొదటి లైను వ్యాపనానికి −0.2, బక్లింగ్‌కు −40 ఇస్తుంది. ఒక్క ప్రయాణంలో నాలుగు సెన్సిటివిటీలు చేతికొచ్చాయి: +1, −0.8, −0.2, −0.2. ఇన్‌పుట్‌లు నాలుగు కాక నాలుగు వేలున్నా ప్రయాణం ఒక్కటే. అసలు గొప్పదనం ఇక్కడుంది.

మరో మాట. వ్యాపన గుణకాన్ని ఇంకో సబ్‌రొటీన్ ట్రాన్స్‌పోర్ట్ క్రాస్ సెక్షన్ (క్రాస్ సెక్షన్ అంటే న్యూట్రాన్ పదార్థంతో చర్య జరిపే అవకాశానికి కొలత) నుంచి లెక్కిస్తుందనుకోండి. శోషణ అందులోనూ భాగమే కాబట్టి శోషణ పెరిగితే వ్యాపనం తగ్గుతుంది, లీకేజి కూడా కాస్త తగ్గుతుంది. కాగితం మీద సూత్రం రాసుకునేవాళ్లు ఈ రెండో దారిని తరచూ మరిచిపోతారు. లైను లైనుకూ వెళ్లే యంత్రం మరిచిపోదు. రెజొనెన్స్ స్వీయ కవచంలోనూ (కొన్ని శక్తుల దగ్గర శోషణ బాగా ఎక్కువై, ఆ న్యూట్రాన్లు ఇంధనం లోపలికి చేరకపోవడం) ఇదే కథ. నీటిలోని హైడ్రోజన్ పరిమాణం మారితే యురేనియం-238 గ్రూపు క్రాస్ సెక్షన్లు కూడా మారతాయి. ఆ పరోక్ష భాగాన్ని కలపకపోతే హైడ్రోజన్ సెన్సిటివిటీ తప్పుతుంది. ఓక్ రిడ్జ్ వారి స్కేల్ ప్యాకేజీలోని సునామీ విధానం దీన్ని వేరుగా లెక్కించి కలుపుతుంది.

ప్రశ్న: అలాగైతే ఎప్పుడూ వెనక్కి వచ్చే పద్ధతే వాడితే పోలేదా?

ఇన్‌పుట్‌లు వేలల్లో, కావాల్సిన ఫలితాలు ఒకటి రెండే ఉంటే తప్పకుండా అదే వాడండి. ఇన్‌పుట్‌లు రెండు, ఫలితాలు రెండు వందలైతే (ప్రతి ఫ్యుయల్ అసెంబ్లీ పవర్ కావాలనుకోండి) ముందుకు వెళ్లేదే చవక.

ఇబ్బందంతా మెమరీతోనే. వెనక్కి రావాలంటే వెళ్లినప్పటి మధ్య విలువలు గుర్తుండాలి. పది లక్షల మెష్ కణాలు, ఒక్కోదానిలో 20 చలరాశులు, ఒక్కోటి 8 బైట్లు: ఒక కాలపు అడుగుకు 160 మెగాబైట్లు. పదివేల అడుగులకు 1.6 టెరాబైట్లు. అదీ అడుగు లోపలి మధ్య విలువలు కలపకుండా. కాబట్టి చెక్‌పాయింట్లు పెట్టుకోవాలి. ప్రతి వందో అడుగు దగ్గర మాత్రమే స్థితిని దాస్తే వంద చెక్‌పాయింట్లకు 16 గిగాబైట్లు. వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కో వంద అడుగుల ముక్కను మళ్లీ నడిపి ఆ ముక్క వరకే దాస్తే ఇంకో 16. మొత్తం 32 గిగాబైట్లు, బదులుగా ముందు లెక్క ఇంకోసారి చేసినంత అదనపు సమయం. ఈ బేరం కుదుర్చుకోకుండా పెద్ద ట్రాన్సియెంట్ కోడ్‌ను (కాలంతో మారే స్థితిని లెక్కించేది) వెనక్కి నడపలేరు.

ఇంకో పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది: ఇటరేషన్లన్నింటినీ రికార్డు చేయడం. 500 ఇటరేషన్లతో ఫ్లక్స్ కుదుటపడితే ఆ 500 దాచనక్కర్లేదు. కుదుటపడిన జవాబు సమీకరణాన్ని తీరుస్తుంది కాబట్టి, దాని మాత్రికను తిరగేసి (ట్రాన్స్‌పోజ్ చేసి) చివర ఒక్కసారి సాధిస్తే చాలు. అణు ఇంజనీర్లు అడ్జాయింట్ ఫ్లక్స్ అని ఎప్పటినుంచో పిలుచుకునేది దీన్నే. రికార్డు చేసి తీరాలనుకుంటే ఒకటి గమనించండి: విలువ కుదుటపడిన చోటే అవకలజం కుదుటపడదు, కొన్ని ఇటరేషన్లు వెనకబడి ఉంటుంది. ఆగే షరతులో అవకలజాన్ని కూడా చేర్చాలి.

ప్రశ్న: టూల్ పెట్టాం, కంపైల్ అయింది, రన్ అయింది. కానీ ఒక ఇన్‌పుట్‌కు సెన్సిటివిటీ సరిగ్గా సున్నా. భౌతికంగా అది అసాధ్యం.

గొలుసు ఎక్కడో తెగింది. ముందు ఫైళ్లు చూడండి. లాటిస్ కోడ్ (ఒక్కో ఫ్యుయల్ అసెంబ్లీని వివరంగా లెక్కించేది) క్రాస్ సెక్షన్లను ఫైల్లో రాసి, కోర్ కోడ్ వాటిని చదివితే, చదివిన సంఖ్యకు అవకలజం ఉండదు. అది కేవలం ఒక అంకె. ఆ ఫైల్లో అవకలజాలనూ రాసి చదవాలి, లేదా రెండు కోడ్‌ల సెన్సిటివిటీలను విడిగా తీసి చేత్తో గుణించాలి. తర్వాత చూడాల్సినవి: పూర్ణాంకంగా మారిపోయే చలరాశి, పాత ఫోర్ట్రాన్‌లో ఒకే మెమరీని రెండు పేర్లతో పంచుకునే ఈక్వివలెన్స్ స్టేట్‌మెంట్, సోర్స్ లేని బయటి లైబ్రరీ, రుణ విలువ వస్తే సున్నా చేసే "మాక్స్" ప్రమేయం. చివరిదైతే అది కోడ్ పరంగా నిజమైన సున్నాయే. అక్కడ సందేహించాల్సింది టూల్‌ను కాదు, ఆ లైనును.

ప్రశ్న: థర్మల్ హైడ్రాలిక్స్ కోడ్‌లో (వేడినీ, కూలెంట్ ప్రవాహాన్నీ లెక్కించేది) ప్రవాహ వేగం కొద్దిగా మారితే సెన్సిటివిటీ గుర్తే మారిపోతోంది. టూల్ తప్పా?

టూల్ తప్పు కాదు. అది ఇచ్చేది మీ ప్రోగ్రామ్ అవకలజం, గొట్టంలోని నీటి అవకలజం కాదు. ఈ తేడాను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

నునుపైన గొట్టంలో ఘర్షణ గుణకాన్ని చూడండి. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సాఫీగా ఉందో, కల్లోలంగా ఉందో చెప్పేది) 2300 లోపు 64ను ఆ సంఖ్యతో భాగిస్తాం. కల్లోల ప్రవాహానికి బ్లాసియస్ సూత్రం: 0.316ను రేనాల్డ్స్ సంఖ్య నాలుగో మూలంతో భాగించడం. 2300 దగ్గర మొదటిది 0.0278 ఇస్తుంది, రెండోది 0.0456. కోడ్ అక్కడ నేరుగా గెంతితే ఘర్షణ ఒక్కసారిగా 64 శాతం పెరుగుతుంది. అవకలజం ఆ గెంతును చూడనే చూడదు. ఇటు −1 అంటుంది, అటు −0.25 అంటుంది. గెంతు వద్దని ప్రోగ్రామర్ 2300 నుంచి 4000 దాకా సరళరేఖ గీసి ఉంటే, 4000 దగ్గర విలువ 0.0397 కాబట్టి ఆ మధ్యలో ఘర్షణ పెరుగుతూ పోతుంది. 3000 దగ్గర సెన్సిటివిటీ +0.64. ఒకే గొట్టం, ఒకే నీరు: −1, తర్వాత +0.64, తర్వాత −0.25. ఆ ప్లస్ గుర్తు ప్రోగ్రామర్ గీసిన గీతది. ఆ గీత సమంజసమా కాదా అన్నది మీరు నిర్ణయించాలి.

నీరు, ఆవిరి కలిసి పారే రెండు దశల ప్రవాహంలో ఇలాంటి మలుపులు చాలా ఎక్కువ: బుడగల ప్రవాహం నుంచి వలయ ప్రవాహానికి మారడం, క్రిటికల్ హీట్ ఫ్లక్స్ (ఆవిరి అడ్డుపడి వేడి నీటికి సరిగా చేరకుండా పోయే హద్దు) దాటగానే వేరే కోరిలేషన్ (ప్రయోగాల నుంచి కట్టిన సూత్రం) అందుకోవడం, ఆవిరి పట్టికల్లో ఒక గడి నుంచి పక్క గడికి జరగడం. కాలపు అడుగును తనే ఎంచుకునే కోడ్‌లో ఇన్‌పుట్ మారితే కాలపు అడుగుల వరుసే మారుతుంది. పోల్చేటప్పుడు మూల రన్ అడుగులను ఫైల్లో దాచి, అవే అడుగులతో నడపండి, రొద చాలా తగ్గుతుంది. గరిష్ఠ క్లాడింగ్ (ఇంధనపు లోహపు తొడుగు) ఉష్ణోగ్రత మీ ఫలితమైతే ఇంకో చిక్కు ఉంది. గరిష్ఠం మొదట్లో కూలెంట్ బయటికి ఎగదన్నేటప్పుడు వచ్చే బ్లోడౌన్ శిఖరానిదా, తర్వాత నీరు మళ్లీ నిండేటప్పుడు వచ్చే రీఫ్లడ్ శిఖరానిదా అన్నది ఇన్‌పుట్‌ను బట్టి మారొచ్చు. రెండు శిఖరాలను రెండు వేర్వేరు ఫలితాలుగా తీసుకోండి.

కూలెంట్ కోల్పోయే ప్రమాదాల లెక్కల్లో అందుకే అవకలజాల మీద కన్నా నమూనా రన్‌ల మీద ఎక్కువ ఆధారపడతారు. అమెరికా నిబంధనల్లో క్లాడింగ్ ఉష్ణోగ్రత హద్దు 1204 డిగ్రీల సెల్సియస్. 1988 సవరణ తర్వాత వాస్తవానికి దగ్గరి నమూనాలను అనిశ్చితితో సహా వాడనిస్తున్నారు. విల్క్స్ సూత్రం ప్రకారం ఇన్‌పుట్‌లన్నింటినీ యాదృచ్ఛికంగా మార్చి 59 రన్‌లు చేస్తే, వాటిలో అత్యధిక విలువ సాధ్యమైన ఫలితాల్లో 95 శాతాన్ని 95 శాతం నమ్మకంతో కప్పుతుంది. 0.95ను 59 సార్లు గుణిస్తే 0.05 కన్నా కాస్త తక్కువ వస్తుంది, 59 అక్కడి నుంచి వచ్చిందే. ఇన్‌పుట్‌లు ఐదైనా యాభై అయినా 59 చాలు. కానీ ఏ ఇన్‌పుట్ వల్ల ఎంత అన్నది ఆ 59 నుంచి నమ్మకంగా తేలదు. దానికి సెన్సిటివిటీయే కావాలి.

ప్రశ్న: మాంటే కార్లో కోడ్‌లో (ఒక్కో న్యూట్రాన్‌ను యాదృచ్ఛిక సంఖ్యలతో నడిపించేది) క్రాస్ సెక్షన్‌ను 1 శాతం పెంచి కె తేడా తీస్తే ప్రతిసారీ వేరే గుర్తు వస్తోంది.

ఒక్కో రన్‌లో కె ప్రామాణిక విచలనం 20 పీసీఎం (పీసీఎం అంటే లక్షలో ఒకటి) అనుకుందాం. రెండు స్వతంత్ర రన్‌ల తేడాకు అది 28 పీసీఎం. సెన్సిటివిటీ 0.02 అయితే 1 శాతానికి రావాల్సిన మార్పు 20 పీసీఎం. అంటే మీరు వెతుకుతున్నది రొద కన్నా చిన్నది. తేడాను 10 శాతం ఖచ్చితత్వంతో చూడాలంటే విచలనం 2 పీసీఎంకు దిగాలి, అంటే 14 రెట్లు తగ్గాలి, దానికి రెండు రన్‌లలోనూ చరిత్రలు (నడిపించే న్యూట్రాన్ల సంఖ్య) దాదాపు 200 రెట్లు పెంచాలి.

రన్ లోపలే అడ్జాయింట్ భారంతో లెక్కించే పద్ధతులు ఇందుకే వచ్చాయి. ఎంసీఎన్‌పీ6 అనే మాంటే కార్లో కోడ్‌లో కేసెన్ కార్డు (ఇన్‌పుట్ ఆదేశం) అలాంటిదే. ఒక న్యూట్రాన్ ప్రాముఖ్యాన్ని, దాని సంతానం కొన్ని తరాల తర్వాత ఎంత మిగిలిందో చూసి నిర్ణయిస్తారు. తరాలు తక్కువైతే జవాబు ఒకవైపు వంగుతుంది, ఎక్కువైతే రొద, మెమరీ పెరుగుతాయి. 5, 10 తరాలతో విడివిడిగా చేసి పోల్చి చూడండి.

ప్రశ్న: వచ్చిన సెన్సిటివిటీలు సరైనవేనని ఎలా తేల్చుకోవాలి?

జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు అడగండి. విచ్ఛిత్తికి వెలువడే న్యూట్రాన్ల సంఖ్య పట్ల కె సెన్సిటివిటీని అన్ని ఐసోటోపులకూ, అన్ని శక్తులకూ కూడితే సరిగ్గా 1 రావాలి, ఎందుకంటే ఆ సంఖ్యలన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగితే కె కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 0.97 వచ్చిందంటే ఏదో ఐసోటోప్ జారిపోయింది. క్షయానికి పైన చెప్పిన −6.93 ఉండనే ఉంది.

ముందుకు, వెనక్కి రెండు పద్ధతులూ ఉంటే ఒకే జంటకు రెండింటితో తీసి పోల్చండి. ఇటరేషన్లు లేని భాగంలో 12 అంకెల దాకా కలవాలి, నాలుగే కలిస్తే బగ్ ఉన్నట్టే. సోర్స్ మీ చేతిలో ఉంటే కాంప్లెక్స్ స్టెప్ కూడా ప్రయత్నించండి. చలరాశులను సంకీర్ణ సంఖ్యలుగా ప్రకటించి, ఇన్‌పుట్‌కు 10⁻²⁰ అంత కల్పిత భాగం కలిపి, ఫలితంలోని కల్పిత భాగాన్ని 10⁻²⁰తో భాగిస్తే అవకలజం వస్తుంది. ఇందులో తీసివేత లేదు కాబట్టి అంకెలు పోవు. పరమ మూల్యం తీసే "ఆబ్స్" మాత్రం సంకీర్ణ సంఖ్యకు పరిమాణాన్ని ఇచ్చి కల్పిత భాగాన్ని మింగేస్తుంది. దాన్ని మార్చి రాసుకోవాలి.

ప్రశ్న: సెన్సిటివిటీల నుంచి మొత్తం అనిశ్చితికి ఎలా వెళ్లాలి?

పై ఉదాహరణే తీసుకోండి. శోషణ అనిశ్చితి 1 శాతం, వ్యాపనానిది 2 శాతం. సెన్సిటివిటీలు −0.8, −0.2. ఒక్కోదాని వాటా 0.8 శాతం, 0.4 శాతం. వాటి మధ్య సంబంధం లేకపోతే వర్గాల మొత్తం 0.64 + 0.16 = 0.80, కె అనిశ్చితి 0.89 శాతం. సహసంబంధం +0.5 అయితే 0.32 కలిసి 1.06 శాతం. −0.5 అయితే అదే 0.32 తీసేసి 0.69 శాతం. సెన్సిటివిటీలు ఒక్క అంకె కూడా మారలేదు, జవాబు మాత్రం 0.69 నుంచి 1.06 దాకా కదిలింది. అందుకే న్యూక్లియర్ డేటాతో పాటు కోవేరియన్స్ ఫైల్‌ను (అనిశ్చితులనూ, వాటి మధ్య సంబంధాలనూ చెప్పే పట్టిక) కూడా తెచ్చుకోండి. అందులో వికర్ణానికి బయట ఉన్న గడులన్నీ సున్నాలైతే, అవి కొలిచి తేల్చిన సున్నాలా, ఎవరూ నింపని ఖాళీలా అని ఆ ఫైల్ వివరణలో చూసి మరీ వాడండి.